పాలపిట్ట కింద నడక సంఘం

ఓబన్నకు మనుషులు గిట్టరు. ఇందులో వింతేమీ లేదు. ఆదోని డిపోలో కండక్టరుగా చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా వాళ్ళను ఊపిరి తగిలేంత దగ్గరగా చూశాడు. ఆదోని, ఎమ్మిగనూరు బస్సులో నిద్ర నటించి టికెట్టు ఎగ్గొట్టేవాళ్ళను చూశాడు. సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేసేవాళ్ళను, చెప్పులు వేసేవాళ్ళను, ఒకసారి కన్నబిడ్డనే లోపలికి తోసినవాణ్ణి చూశాడు. అంత చూశాక కూడా మనుషులంటే ప్రేమ మిగిలి ఉంటే వాడు కండక్టరు కాడు, సన్యాసి.

రిటైరయ్యాక షుగరు వచ్చింది. నడవమన్నాడు డాక్టరు. పార్కులో నడిస్తే పాత ప్రయాణికులు ఎదురై "ఏమన్నా బాగుండావా" అంటారని ఓబన్న ఎమ్మిగనూరు శివారులోని వంక గట్టును ఎంచుకున్నాడు. ఆ వంకను చూసి ఎవరూ పాట కట్టరు. పైనుంచి తుంగభద్ర కాలువ ఊటనీళ్ళు, పక్కనుంచి ఊరి మురుగు వచ్చి అందులో కలుస్తాయి. రెండు గట్లా కంపచెట్లు, తుమ్మచెట్లు, జమ్ము. వాటికి పాలిథీన్ సంచులు జెండాల్లా వేలాడుతుంటాయి. అయినా కర్నూలు జిల్లా పడమటి ఎండలో తడి అనేది ఉన్న చోటు కాబట్టి జీవాలన్నీ అక్కడికే చేరతాయి. వాటికి వేరే దారి లేదు. ఓబన్నకూ లేదు.

ఆయన వాటిని తనకు తెలిసిన పద్ధతిలోనే గుర్తుపట్టేవాడు. గుడ్డికొంగ మెడ లోపలికి లాక్కుని, కళ్ళు మూసినట్టుగా, లోకంతో సంబంధం లేనట్టు నిలబడి ఉంటుంది. కప్ప దగ్గరికి వచ్చిన మరుక్షణం అది కొంగ కడుపులో ఉంటుంది. వెనక సీట్లో నిద్ర నటించే టికెట్టు లేనివాడు వాడే. తీతువు పిట్ట మూడు స్టేజీల ముందే "ఆపప్పా ఆపు" అని బస్సంతా అదరగొట్టే ముసలమ్మ. ముంగిస దారికి అడ్డంగా ఉరికిందంటే వెనకాల చెకింగు వాళ్ళు ఉన్నట్టే. చెక్‌డ్యామ్ రాళ్ళ మీద ఎండ కాచుకునే ఉడుము అచ్చం ఆయన కాలపు డిపో పెద్దసారు. ఒళ్ళు వేడెక్కితే తప్ప కదలదు, కదిలినా పని కోసం కాదు.

ఒక్క పాలపిట్టను మాత్రం ఆయన ఏ ప్రయాణికుడితోనూ పోల్చలేదు.

చెక్‌డ్యామ్‌కు ఎగువన గట్టు మీదుగా కరెంటు తీగ పోతుంది. వానలు వెనకపట్టిన దగ్గర నుంచి అది ఆ తీగ మీదే కూర్చునేది. కూర్చున్నప్పుడు చూస్తే దానికి రెండోసారి చూడదగ్గ అందమేమీ లేదు. పెద్ద తల, మట్టి రంగు వీపు, వెలిసిపోయిన ఇటుక రంగు రొమ్ము. తిట్లు తిన్నదానిలా మూతి ముడుచుకుని ఉంటుంది. కానీ కింద గడ్డిలో మిడత కదిలినప్పుడు తీగ వదిలి దిగుతుంది. అప్పుడు రెక్కలు విప్పుతుంది. నీలంలో రెండు నీలాలు, ముదురొకటి, లేతొకటి, పట్టీలు పట్టీలుగా. మిడతను పట్టుకుని తీగ మీదికి చేరి రెక్కలు మూసుకుంటే మళ్ళీ మట్టే. అది ఒక్కసారి దిగే దాకా ఓబన్న గట్టున నిలబడేవాడు. దిగాక ఇంటిదారి పట్టేవాడు. అది చూడని రోజు ఆయన ఇంట్లో కాఫీ బాగాలేదని, పేపరు తడిసిందని, పక్కింటివాడు బతికే ఉన్నాడని విసుక్కునేవాడు.

ఈ సంగతి ఇంకొకరికే తెలుసు. తిప్పమ్మ అని, ఆ గట్టునే మేకలు మేపే మనిషి. దోటితో తుమ్మకాయలు రాల్చుకుంటూ రోజూ ఒకటే మాట అడిగేది.

"ఏమప్పా కండక్టరూ, నీ పిట్ట టికెట్టు తీసుకునిందా?"

"దానికి పాసుండాది. నీ మేకలకే లేదు. నా చెప్పు నాకుతాండాయి, అదిలించు."

"ఉప్పగుంటాదని నాకుతాయిలే. మనిషి ఎట్లున్నా చెప్పులో ఉప్పుండాది."

ఇంతవరకు లోకం బాగానే నడిచింది. తర్వాత వీరేష్ ప్రకృతిని కనిపెట్టాడు.

వీరేష్ పత్తి కమీషన్ వ్యాపారి. ఆదోని మార్కెట్ యార్డులో అతడి మాట చెల్లుతుంది. ఎమ్మిగనూరులో అతడి ఫ్లెక్సీ చెల్లుతుంది. అతడికీ షుగరు వచ్చింది. కానీ వీరేష్ ఒంటరిగా నడిచే రకం కాదు. వీరేష్ జబ్బుపడితే దానికి సంఘం ఉండాలి, అధ్యక్షుడుండాలి, ఆ అధ్యక్షుడు తానే కావాలి. అలా 'ప్రకృతి నడక సంఘం' పుట్టింది. ఆకుపచ్చ టీషర్టులు కుట్టించారు. ముందువైపు ఒక పిట్ట బొమ్మ, వెనకవైపు వీరేష్ బొమ్మ. రెంటిలో పిట్టే చిన్నది.

ప్రతి ఆదివారం వాళ్ళు వంక గట్టుకు వచ్చేవారు. చేపలకు బిస్కెట్లు వేసేవారు. ప్లాస్టిక్ ప్లేట్లలో ఇడ్లీ తిని, ప్రకృతిని కాపాడాలని చెప్పుకుని, ప్లేట్లు వంకలో వేసేవారు. స్పీకరులో పిట్టల కూతలు పెట్టుకుని నడిచేవారు. అవి ఏ దేశపు పిట్టలో గానీ, ఆ గోలకు ఈ దేశపు పిట్టలన్నీ నోరు మూసుకునేవి. సంఘం కార్యదర్శి స్వప్న ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. బల్ల మీద ఎన్ని కప్పలను కోసిందో గానీ, గట్టు మీద ఒక కప్ప ఆమె చెప్పు పక్కన దూకితే పోయి వీరేష్ వెనక నిలబడింది. నడిచినంతసేపూ ఫోనులో చూస్తూ నడిచేది. ప్రకృతి అందులో బాగా కనబడుతుందట.

అన్ని ఆదివారాలూ ఆ సంఘం పాలపిట్ట కిందుగా నడిచిపోయింది. ఒక్కరూ తలెత్తలేదు. ఎత్తినా గుర్తుపట్టేవారు కాదు, ఎందుకంటే వాళ్ళకు తెలిసిన పాలపిట్ట క్యాలెండరులోది. అది ఎప్పుడూ రెక్కలు విప్పుకుని ఒళ్ళంతా నీలంగా ఉంటుంది. కూర్చోదు, మూసుకోదు, మట్టి రంగులో ఉండదు. ఓబన్న చెట్టుకు ఆనుకుని ఆ ఊరేగింపును చూస్తూ లోపల్లోపల నవ్వుకునేవాడు. ఆయన జీవితంలో అంతకంటే పెద్ద వినోదం అప్పటికి లేదు. నవ్వుతో సరిపెట్టుకుని ఉంటే బాగుండేది.

దసరా దగ్గర పడింది. దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా జయమని పెద్దలు పెట్టిన ఆనవాయితీ. వెనకటికి చేలకు పోయి వెతికి చూసి దండం పెట్టి వచ్చేవాళ్ళు. ఇప్పుడు చేలలో మందులు పెరిగి పిట్టలు తగ్గాయి. జయం కావలసినవాళ్ళు మాత్రం తగ్గలేదు.

ఆ ఆదివారం చెక్‌డ్యామ్ కాంక్రీటులోంచి పొడుచుకొచ్చిన ఇనుప కంబీ మీద ఒక లకుముకి పిట్ట కూర్చుని ఉంది. రోజూ కూర్చునేదే. చేపల కోసం నీళ్ళలోకి చూస్తోంది. ఫోను మీది నుంచి స్వప్న చూపు ఆ రోజు ఎలాగో జారి దాని మీద పడింది.

"సార్! బ్లూ! పాలపిట్ట సార్!"

వీరేష్ బూట్లు విప్పాడు. సంఘం మొత్తం బూట్లు విప్పింది. ఒకరు లెంపలు వేసుకున్నారు. ఇంకొకరు వెనక్కి తిరిగి పిట్ట తన భుజం మీదుగా కనబడేలా ఫొటో తీసుకున్నారు. లకుముకి ఒకసారి తోక ఎగరేసింది.

"పండక్కి ముందే అమ్మవారు మన సంఘానికి చూపిచ్చింది," అన్నాడు వీరేష్ గొంతు వణికించి. తర్వాత చెట్టు కింద ఉన్న ఓబన్న వైపు తిరిగాడు. "ఏమన్నా, దినామూ ఈడనే తిరుగుతాంటావు గదా. ఎప్పుడన్నా సూసినావా పాలపిట్టను? తిరిగితే సాలదన్నా. కండ్లుండాల, కండ్లు!"

సంఘం నవ్వింది.

ఆ నవ్వు దగ్గరే ఓబన్న దెబ్బతిన్నాడు. పిచ్చివాళ్ళు తన ముందర పిచ్చి పని చేస్తే ఓర్చుకోగలడు. వాళ్ళే తనను చూసి నవ్వితే ఓర్చుకోలేడు.

"అది లకుముకి. సేపలు తినేది," అన్నాడు. "నువ్వు దండం పెట్టింది బెస్తపిట్టకప్పా ఈరేషూ. పాలపిట్ట నీ నెత్తి మీదుండాది."

అందరూ తలలెత్తారు. తీగ మీద మట్టి రంగు పిట్ట మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఇదా?" అన్నారెవరో. "కాకికి జొరమొచ్చినట్టుండాదే!"

స్వప్న ఫోనులో వెతికి, రెక్కలు విప్పిన నీలి బొమ్మను పైకెత్తి చూపించింది. "చూడండి సార్, ఎక్కడైనా పోలిక ఉందా? నేను జువాలజీ చదివాను."

"నేను బస్సులో లోకాన్ని సదివినా," అన్నాడు ఓబన్న. "అది రెక్క ఇప్పితే తెలుస్తాది నీ జువాలజీ."

నోరు మూశాక గానీ ఆ మాట ఎక్కడ పడిందో ఆయనకు తెలియలేదు. వీరేష్ పైకి చూస్తూ ఉండిపోయాడు. ఖాళీ సీటు కనబడినప్పుడు మనిషి ముఖం ఎలా మారుతుందో ఓబన్నకు బాగా తెలుసు. అదే ముఖం. మార్కెట్ యార్డులో వీరేష్ ఏ రైతు మాటా నమ్మడు. మూటలోకి చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు దూది పీకి, రెండు చేతుల మధ్య లాగి తెంపి, పోగు ఎంత పొడుగో చూస్తాడు. తెంపి చూడనిదే అతడికి ఏదీ రుజువు కాదు.

"దీంట్లో కొట్లాటెందుకు?" అన్నాడు వీరేష్. "పట్టిచ్చి సూద్దాం. పిట్టలు పట్టేవాడు నాకు ఎరికే. రెక్కలు ఇప్పి సూస్తే తేలిపోతాది. పాలపిట్టే అయితే పండగనాడు ఈడనే షామియానా ఏసి బోన్లో కూసోబెడదాం. ఊరంతా వచ్చి మొక్కి పోతాది. మన సంఘం పేరు ఆదోని దాకా పోతాది."

చప్పట్లు మోగాయి. పిట్ట ఉలిక్కిపడి పక్క స్తంభానికి జరిగింది.

ఓబన్నకు ఒక దసరా గుర్తొచ్చింది. సర్వీసులో ఉన్న రోజుల్లో ఒకడు గంపలో పాలపిట్టను పెట్టుకుని కర్నూలు బస్సెక్కాడు. ఎగరకుండా రెక్కల ఈకలు దారంతో కుట్టినట్టు కట్టేశాడు. బస్సంతా సీట్లలోంచి లేచి వంగి వంగి దండాలు పెట్టింది. పిల్లల చేత పిట్ట తల నిమిరించారు. కోడుమూరు దాటాక దాని మెడ వాలింది. గంపవాడు ఒకసారి ఊపి చూసి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు. దండం పెట్టినవాళ్ళలో ఒక్కరూ ఏమీ అనలేదు. దర్శనం అయిపోయింది కదా.

మరుసటి రోజు నుంచి ఓబన్న పిట్టను తరిమే పని పెట్టుకున్నాడు. గట్టున నిలబడి "హుష్" అన్నాడు. తువ్వాలు ఊపాడు. చివరికి తీగ మీదికి గులకరాళ్ళు విసిరాడు. అది ఒక స్తంభం అవతలకి జరిగేది, ఆయన ఆయాసపడి కూర్చోగానే పాత చోటికే వచ్చేది. ఆ మిడతల గడ్డి దానిది. దసరా అని, వీరేష్ అని దానికేం తెలుసు?

తిప్పమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "బాగుండాది నీ కాపలా! పట్టేవాడు రాకముందే నువ్వే కొట్టి సంపేటట్టుండావే!"

"మల్ల ఏం సెయ్యమంటావు? అడవి ఆఫీసోళ్ళకి సెప్పాలంటే ముందు పిట్ట యాడుండాదో ఇంకో పదిమందికి సెప్పాల. ఒకనికి సెప్పినందుకే ఇంత కతయ్యింది."

"సెప్పిన నోరు నీదే గదా. అదే నోటితో కాదని సెప్పు."

"నేనా? తప్పయిందని నేను సెప్పాల్నా? ఆ ఈరేషు ముందర? ఆ కప్పలమ్మ ముందర?"

"వద్దులే," అంది తిప్పమ్మ, దోటి భుజానికెత్తుకుని. "పిట్ట సచ్చినా పరవాలేదు. నీ మీసం సల్లగుండాల."

ఓబన్న ఆ పూట మేకలను కూడా తిట్టలేదు.

ఆదివారం వచ్చింది. సంఘంతో పాటు ఒక కొత్త మనిషి కూడా వచ్చాడు. చంకకు సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న నైలాను ఉచ్చులు. కళ్ళు చికిలించి తీగ కింది గడ్డిని చూస్తున్నాడు, ఎర ఎక్కడ కట్టాలా అని. పిట్ట పైన కూర్చుని అతణ్ణే చూస్తోంది. దానికి అతడి మీద అనుమానం ఉన్నట్టు లేదు.

ఓబన్న చెట్టు కింది నుంచి కదిలి వచ్చి అందరి మధ్యా నిలబడ్డాడు.

"ఈరేషన్నా," అన్నాడు. చిన్నవాణ్ణి అన్నా అన్నాడు. "పోయిన వారం నేను సెప్పింది అబద్దం. మీరంతా నవ్వినారని కోపమొచ్చి నోటికొచ్చింది అనేసినా. అది పాలపిట్ట గాదు."

"మరేంది?"

ఇక్కడ ఓబన్నను ఆయన సర్వీసు కాపాడింది. కిక్కిరిసిన బస్సులో ఇంకా సీట్లున్నాయని నమ్మించి జనాన్ని ఎక్కించిన నోరది.

"దివాళా పిట్ట," అన్నాడు. "బళ్ళారి తట్టు సావుకార్లు దాన్ని తలెత్తి సూడరు. పండగనాడు దాని మొగం సూస్తే దూది తడుస్తాదంట, తూకం తగ్గుతాదంట. బస్సులో పెద్దోళ్ళు సెప్పుకోంగా విన్యా."

వీరేష్ రెండడుగులు వెనక్కి వేశాడు. అతడి చూపు తీగ మీది నుంచి చటుక్కున నేలకు దిగింది. "థూ! ముందే సెప్పొద్దా? ఇంత దినమూ దాని కిందనే నడిచినామే! ఏయ్, కొట్టి పడేయప్పా దాన్ని!"

ఉచ్చులవాడు రాయి అందుకున్నాడు. ఓబన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొట్టినారంటే ఇంకా మోసం!" అని కేకేశాడు. "అది సచ్చిన సోట దాని ఈక గాలికి లేచి యాపారమున్న ఇల్లు ఎతుక్కుంటా పోతాదంట. దాని జోలికి పోవద్దు. దాని పాటికి దాన్ని ఇడిసిపెట్టండి. పాలపిట్ట ఆడుండాది గదా, మేడమ్ సూపిచ్చిందే, కంబీ మీద. దాన్ని పట్టే పని గూడా లేదు. దినామూ దాని పాటికి అదే వచ్చి కూసుంటాది."

రాయి కింద పడింది. వీరేష్ ఊపిరి పీల్చుకున్నాడు. స్వప్న ముఖం వెలిగింది. వారం రోజులుగా ఆమె చదువు ఆ తీగ మీద వేలాడుతోంది మరి.

"అంకుల్, అదేదో ఫోనులో చెప్పండి," అంది ఫోను ఎత్తి. "అందరికీ తెలియాలి. చూడకుండా మాట్లాడకూడదని."

ఓబన్న ఫోను వైపు చూశాడు. దేవరగట్టు బన్ని జాతర కర్రల కొట్లాటలో తల పగిలినవాడు కూడా నెత్తిన పసుపు అద్దుకుని నవ్వుతూ ఇంటికి పోతాడు. ఆ దెబ్బకు గౌరవం ఉంది. ఈ దెబ్బకు లేదు.

"నాకు తెలీదు," అన్నాడు. "నేను బస్సు కండక్టర్ని. మేడమ్ సెప్పిందే నిజం. అదే పాలపిట్ట."

"ఇంకొంచెం గట్టిగా అంకుల్."

ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. సాయంత్రానికి ఆ వీడియో ఎమ్మిగనూరులో చూడనివాడు లేడు. టీ అంగడి ముందర కుర్రకారు ఆయన వంగిన భుజాలను అనుకరించి నవ్వారు. పాత డ్రైవరొకడు ఆదోని నుంచి ఫోను చేసి "ఏమన్నా, కాకికీ కొంగకూ తేడా తెల్సునా" అని అడిగాడు. ఓబన్న ఫోను కట్టేసి గోడకేసి తిరిగి పడుకున్నాడు.

దసరానాడు వంక గట్టున షామియానా లేచింది. లకుముకి బొమ్మతో, దానికి రెండింతల వీరేష్‌తో ఫ్లెక్సీ లేచింది. 'పాలపిట్ట దర్శనం' అని అక్షరాలు. కొత్త బట్టల్లో, చేతుల్లో బంగారమంటూ పంచుకునే బన్ని ఆకులతో, అంటే జమ్మి ఆకులతో, జనం వచ్చారు. తప్పెట్లు మోగాయి. మొదటి దెబ్బకే లకుముకి వంక మలుపు దాటి పోయింది. కంబీ ఖాళీగా ఉంది. జనం ఆ కంబీకేసి చూస్తూ నిలబడ్డారు. "అదో, వచ్చె!" అన్నాడొకడు. అందరూ చేతులు జోడించారు. ఏమీ రాలేదు. అయినా చూశామనే అన్నారు. చూడలేదంటే వాళ్ళ ఏడాదే పాడవుతుంది.

ఓబన్న కూడా వచ్చాడు, ఒకవైపుగా నిలబడ్డాడు. పాలపిట్ట తీగ మీద ఉందని ఆయనకు తెలుసు, వచ్చేటప్పుడే ఓరకంట చూశాడు. తప్పెట్ల పక్కన ఎవడో సరం పటాకులు అంటించాడు. ఆ చప్పుడుకు నెత్తి మీద రెక్కల విసురు వినబడింది. ఎండలో ఒక నీడ నేల మీద పరుచుకుని ఆయన చెప్పుల మీదుగా జారిపోయింది.

తలెత్తాలని మెడ నరాలు గుంజాయి. ఎత్తలేదు. ఒకడు తలెత్తి చూస్తే పదిమంది ఎత్తుతారు. బస్సులో ఒకడు కిటికీలోంచి తల బయటపెడితే అందరూ పెడతారు, ఆ జాతి తనకు తెలుసు. పళ్ళు బిగించి ఫ్లెక్సీ మీది వీరేష్ పళ్ళను చూస్తూ ఉండిపోయాడు.

గట్టుకు అవతల, మేకల మధ్య, తిప్పమ్మ ఒక్కతే ఆకాశంలోకి చూస్తోంది. దోటిని చంకలో పెట్టుకుని రెండు చేతులూ నొసటికి చేర్చింది.

"ఇదో కండక్టరన్నా, బంగారం తీసుకో," అంటూ వీరేష్ వచ్చి ఆయన చేతిలో బన్ని ఆకు పెట్టాడు. "పాలపిట్టను కండ్లారా సూసినావు గదా ఇప్పుడు?"

"సూసినా అన్నా," అన్నాడు ఓబన్న.

జనం పోయాక గట్టంతా ప్లేట్లు మిగిలాయి. తిప్పమ్మ మేకలు వాటిని నాకుతున్నాయి.

"సూసినావా?" అని అడిగింది.

"లే."

"నేను సూసినా. నెత్తి మీద అంత నీలం పోతాంటే ఒక్క నాకొడుకూ తలెత్తలేదప్పా."

"ఎత్తరు. ఎత్తేవాళ్ళయితే నాకు ఇంత మర్యాద దక్కేదా?"

రెండు రోజులు తీగ ఖాళీగా ఉంది. మూడో పొద్దున అది వచ్చి కూర్చుంది, అదే మట్టి రంగు, అదే ముడుచుకున్న మూతి. ఓబన్న కింద నిలబడి దాన్ని అరగంట తిట్టాడు. అది మిడత కోసం దిగి, రెక్కలు విప్పి, మూసి, మళ్ళీ తీగ ఎక్కింది.

సంఘం ఇప్పటికీ ఆదివారాలు నడుస్తుంది. స్పీకరులో పరదేశపు పిట్టలు కూస్తూనే ఉంటాయి. కానీ ఆ తీగ దగ్గరికి రాగానే స్పీకరు కట్టేస్తారు. వీరేష్ జేబురుమాలు నెత్తిన కప్పుకుంటాడు. మిగిలినవాళ్ళు చున్నీలు, తువ్వాళ్ళు కప్పుకుంటారు. చూపు నేల మీద పెట్టుకుని, చావు ఇంటి ముందు నుంచి పోయినట్టు, గబగబా దాటిపోతారు. పైన కూర్చున్న పిట్టను ఆ వంక గట్టున ఇంత భద్రంగా ఎవరూ కాపలా కాయలేదు.

దాటాక వీరేష్ వెనక్కి తిరగకుండానే కేకేస్తాడు. "ఏమన్నా కండక్టరూ, ఉండాదా నీ దివాళా పిట్ట?"

"ఉండాదన్నా," అంటాడు ఓబన్న చెట్టు కింది నుంచి. "తలెత్తొద్దు, పో."